చెక్కుచెదరని రికార్డు

ఏటిపాలెం లోక్‌సభ నియోజకవర్గంలో తాడిమళ్ల విశ్వంభరరావు గారు వరసగా ఆరుసార్లు గెలిచారు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఓట్లు వేసింది జనం, లెక్కపెట్టింది మేం. ఆయన చేసిందల్లా ఎన్నికలకోసారి కండువా మార్చుకుని రావడమే. ఆరు ఎన్నికలకు ఆరు పార్టీలు, ఆరు కండువాలు. కండువా మారినా ఆయన ఇచ్చే వాగ్దానాలు మారేవి కావు కాబట్టి జనం ఎక్కడా తికమకపడకుండా గుర్తుపట్టేవారు.

నేను కలెక్టరాఫీసు ఎన్నికల విభాగంలో సీనియర్ అసిస్టెంటుని. ఏడో ఎన్నిక దగ్గరపడుతుండగా రాజధాని నుంచి మాకొక ఉత్తర్వు వచ్చింది. పక్క జిల్లాలో పాత ఎన్నికల కాగితాలు చెదలు తినేశాయట, మీ దగ్గర అలా కాకుండా చూసుకోండి, మందు కొట్టించండి అని దాని సారాంశం. అది ఇంగ్లీషులో ఉంది. మాకేమో అప్పుడు తెలుగు అమలు వారోత్సవాలు. వారోత్సవాలు ముగిసేదాకా ఇంగ్లీషు కాగితం ఎవరూ చదవకూడదని కలెక్టర్ గారి ఆదేశం. అందుకని దాన్ని తెలుగు చేయించారు. తెలుగులో అది ఇలా తేలింది: "నియోజకవర్గ లోక్‌సభ సభ్యుని ఎన్నికల రికార్డును చెక్కుచెదరకుండా కాపాడవలెను. ఉల్లంఘించినవారిపై కఠిన చర్యలు తీసుకొనబడును." చెదలు కాస్తా చెక్కుచెదరకుండా అయ్యాయి. మందు మధ్యలో ఎక్కడో జారిపోయింది.

సమావేశం పెట్టారు. జిల్లా రెవెన్యూ అధికారి పోడూరి సాంబమూర్తి గారు, అంటే మా డీఆర్వో గారు, కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన కళ్ళజోడు తీశారంటే వ్యాఖ్యానం మొదలవుతుందని మాకందరికీ తెలుసు.

"సార్, రికార్డు అనగానేమి? పత్రికలలో ఏమని వ్రాయుదురు? ఫలానావారు రికార్డు సృష్టించిరి. ఫలానావారు రికార్డు బద్దలు కొట్టిరి. సృష్టి అనునది విశ్వంభరరావు గారు పూర్తిచేసియున్నారు. బద్దలు కొట్టబడకుండా చూచు గురుతర బాధ్యత ఇప్పుడు జిల్లా యంత్రాంగముపై మోపబడినది."

"బీరువాల్లో ఉన్న కాగితాల సంగతేమో సార్," అన్నాను నేను.

డీఆర్వో గారు నావైపు జాలిగా చూశారు. "కాగితము చిరుగును. నలుగును. చెక్కుచెదరునా? చెక్కుచెదరునది కీర్తి మాత్రమే."

కలెక్టర్ గారు కుర్రవారు, చురుకైనవారు. అంతా విని ఒక్కటే ప్రశ్న వేశారు. "ఇలా కాపాడటం దేశంలోనే తొలిసారి అవుతుందా?"

"నిశ్చయముగా అగును సార్."

"అయితే చేద్దాం."

సాయంత్రానికల్లా రికార్డు పరిరక్షణ సమితి ఏర్పడింది. విశ్వంభరరావు గారికి సంబంధించిన కాగితాలన్నీ, ఆయన వాగ్దానాలతో సహా, రికార్డు గదిలోకి చేర్పించారు. తలుపుకి తాళం వేసి, లక్క సీలు కొట్టి, ఇద్దరు తుపాకీ కానిస్టేబుళ్ళను కాపలా పెట్టారు. ఎవరూ లోపలికి పోకూడదు. మందు కొట్టేవాడొకడు పాపం తన పంపు భుజాన వేసుకుని వస్తే వాణ్ణి కూడా గేటు దగ్గరే ఆపి వెనక్కి పంపేశారు.

తర్వాతి ఇబ్బంది ప్రత్యర్థులతో వచ్చింది. విశ్వంభరరావు గారి మీద ఎవరైనా గెలిస్తే రికార్డు బద్దలవుతుంది కదా. పోటీ వద్దందామంటే చట్టం ఒప్పుకోదు. డీఆర్వో గారు మళ్ళీ కళ్ళజోడు తీశారు. నామినేషను వేసే ప్రతి ప్రత్యర్థీ ఒక హామీపత్రం ఇవ్వాలని తేల్చారు. "నేను ఈ ఎన్నికలో గెలవననియు, పొరపాటున గెలిచినచో అందుకు పూర్తి బాధ్యత నాదేననియు ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను."

గొడవ అవుతుందని నేను భయపడ్డాను. ఏమీ కాలేదు. ఇంతకాలం ఉత్తినే ఓడిపోయాం, ఇప్పుడైనా దానికో కాగితం ఉంటుంది అనుకుని వరసలో నిలబడి సంతకాలు పెట్టారు. అందులో ఒకాయన, రెండో స్థానం కూడా ఇలాగే రాయించుకుని ఖాయం చేస్తే బాగుంటుందని సలహా ఇచ్చి వెళ్ళాడు.

సంగతి తెలిసి విశ్వంభరరావు గారే స్వయంగా వచ్చారు. కలెక్టర్ గారికి శాలువా కప్పారు. డీఆర్వో గారికి కూడా కప్పబోయి, శాలువా ఒకటే తెచ్చామని గుర్తొచ్చి, కరచాలనం చేశారు.

"మీ రుణం తీర్చుకోలేనండీ," అన్నారు. "ఎలాగూ ఇంత చేస్తున్నారు, ఈసారి మెజారిటీ కాస్త పెరిగేలా చూడండి."

"వీలుపడదు," అన్నారు డీఆర్వో గారు.

"అదేంటండీ?"

"మెజారిటీ పెరిగినచో పాత రికార్డు బద్దలగును. అది మీరు బద్దలు కొట్టినను, అన్యులు కొట్టినను నేరము నేరమే."

విశ్వంభరరావు గారు నవ్వబోయి, ఎదుటివాళ్ళు నవ్వకపోవడం చూసి ఆగిపోయారు. "సరే, పోన్లెండి. గెలిస్తే చాలు."

"ఇంకొక మనవి. ప్రతి ఎన్నికకు తమరు పార్టీ మారియున్నారు. అది రికార్డులో ప్రధానాంశము. కావున ఈ పర్యాయము కూడ తమరు విధిగా మారవలసియున్నది."

"మారడానికి నాకేం అభ్యంతరం లేదండీ బాబూ. కానీ ఎక్కడికి మారను? ఉన్నవన్నీ అయిపోయాయి కదా!"

నిజంగానే అయిపోయాయి. చివరికి ఆయనే సొంతంగా ఒక పార్టీ పెట్టుకోవలసివచ్చింది. రంగు కోసం మూడు బట్టల దుకాణాలు తిరిగారు. ఎవరూ వాడని రంగు దొరక్క, అన్ని రంగుల గళ్ళున్న లుంగీ గుడ్డ చింపి కండువాగా వేసుకున్నారు.

ఇంతవరకూ బాగానే ఉంది. నవ్వుకోవడానికి మాకూ వీలుగా ఉండేది. గేదెలవాగు వంతెన దగ్గరే నవ్వు ఆగింది.

గేదెలవాగుకి అవతల ఆవలిగట్టు అని ఒక ఊరు. వానాకాలం వాగు పొంగితే ఆ ఊరికి ఆసుపత్రి లేదు, బడి లేదు, సంత లేదు. అన్నీ ఇవతలే. వంతెన కట్టిస్తానని విశ్వంభరరావు గారు ఆరుసార్లూ మాటిచ్చారు, ఇవతలి గట్టు మీద నిలబడి, మైకులో. ఎవరో తెలివితక్కువ ఇంజనీరు ఆ మాటని నిజమనుకుని మంజూరు తెప్పించేశాడు. స్తంభాలు లేచాయి. ఇనుము వచ్చింది. పైన శ్లాబు పోస్తే చాలు, వానలకి ముందే అయిపోతుంది. అలాంటి సమయంలో పరిరక్షణ సమితి వెళ్ళి పని ఆపించింది.

మర్నాడే ఆ ఊరి డ్వాక్రా సంఘం నాయకురాలు కడలి సత్యవేణి మా ఆఫీసుకొచ్చింది. పొడుగ్గా, గట్టిగా ఉన్న మనిషి. ఎండలో నడిచి వచ్చినట్టుంది, చెంగుతో మొహం తుడుచుకుంటూనే డీఆర్వో గారి ముందు నిలబడింది.

"పనెందుకు ఆపేశారండీ? మా అమ్మాయి భవానికి నెలలు నిండుతున్నాయి. వానల్లోనే వస్తది కాన్పు. ఈలోగా శ్లాబు పడిపోద్దని కాంట్రాక్టరు చెప్పాడు కదండీ."

"చూడమ్మా. వంతెన కట్టించెదనను వాగ్దానము ఆరు ఎన్నికలలోను కలదు. అది రికార్డులో అంతర్భాగము. వంతెన పూర్తియైనచో ఏడవసారి ఆ వాగ్దానము చేయుటకు అవకాశముండదు. వాగ్దానము తెగినచో రికార్డు చెదరును."

సత్యవేణి కాసేపు ఆలోచించింది. అర్థం చేసుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది.

"అంటే మాకు వంతెన లేకపోడాన్ని మీరు కాపాడతన్నారాండీ?"

"కాపాడుచున్నాము."

"మా తోడికోడల్ని ఇలాగే మంచం మీద మోసుకొస్తంటే వాగు మజ్జిలోనే పోయిందండి. కడుపులో బిడ్డతో. అదీ ఉందాండీ మీ రికార్డులో?"

"మృతుల పేర్లు ఓటర్ల జాబితా నుండి ఎప్పటికప్పుడు తొలగించుచున్నాము. ఆ విషయమై మీకు చింత అక్కరలేదు."

నాకు ఒళ్ళు మండింది. ఆయన ముందు బల్ల మీదున్న మంచినీళ్ళ గ్లాసు తీసి ఆయన నెత్తిన పోయాలనిపించింది. పోయలేదు. ఇంకా సర్వీసు ఉంది మరి. ఆ గ్లాసు సత్యవేణికిచ్చాను. ఆవిడ తాగలేదు.

నామినేషన్ల ఆఖరి రోజున మళ్ళీ వచ్చింది. ఈసారి వెనకాల ఊరి ఆడవాళ్ళు సగం మంది ఉన్నారు. లోక్‌సభకి పోటీ చేస్తానంది. కలెక్టర్ గారు హామీపత్రం ముందుకు జరిపారు. చదువుకుంది.

"నేను ఓడిపోతానని నాకూ తెల్సండి. కానీ ఓడిపోతానని రాసి మటుకు ఇవ్వను."

"రాసివ్వకపోతే మీ నామినేషన్ తిరస్కరించవలసి వస్తుందమ్మా," అన్నారు కలెక్టర్ గారు.

"దేనికోసం?"

"రికార్డు పరిరక్షణ కోసం."

"అయితే ఆ రికార్డేదో నా కళ్ళకి చూపించండి. నాలుగేళ్ళు ఊరబెట్టిన ఊరగాయలా తాళం వేసి దాచారు కదా, తీసి చూపించండి. బాగుంది అనిపిస్తే ఇక్కడే సంతకం పెడతాను. ఏవే, పెట్టనా?"

"పెట్టు వదినా," అన్నారు వెనకాల ఆడవాళ్ళు.

చట్టం చూస్తే ఆవిడ అడిగింది సబబే. దేని ఆధారంగా తిరస్కరిస్తున్నామో అది అభ్యర్థికి చూపించాలి. డీఆర్వో గారు కళ్ళజోడు తీశారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. ఏ వ్యాఖ్యానమూ రాలేదు. చివరికి కలెక్టర్ గారే ఉత్సాహపడ్డారు. ప్రజల సమక్షంలో రికార్డు ప్రదర్శన, అదీ దేశంలోనే తొలిసారి. వీడియో తీసేవాణ్ణి పిలిపించారు. గది ముందు కొబ్బరికాయ కొట్టారు. విశ్వంభరరావు గారు కూడా లుంగీ కండువా సర్దుకుని కెమెరాకి కనబడేచోట నిలబడ్డారు.

సీలు విప్పి తలుపు తోశారు. లోపల బీరువాలు బీరువాల్లాగే ఉన్నాయి. డీఆర్వో గారు భక్తిగా మొదటి బీరువా తెరిచి, మొదటి ఎన్నిక కట్ట మీద చెయ్యి వేశారు. చెయ్యి మోచేతిదాకా లోపలికి దిగిపోయింది. బయటికి తీస్తే వేళ్ళ నిండా ఎర్రమట్టి, మట్టి మీద తెల్లగా కదులుతున్న పురుగులు. రెండో బీరువా కూడా అంతే. మూడోదాని వెనక గోడకి పుట్ట లేచింది. ఆరు ఎన్నికల్లోనూ మిగిలింది కట్టలకి చుట్టిన ప్లాస్టిక్ తాళ్ళు మాత్రమే.

సత్యవేణి తలుపులోంచి తొంగిచూసింది.

"కాపాడ్డమైతే మహ బాగానే కాపాడారండీ. చెదల్ని."

ఇంకొకరైతే అక్కడితో సిగ్గుపడి ఊరుకునేవారు. సాంబమూర్తి గారు రెవెన్యూ శాఖలో పుట్టి పెరిగిన మనిషి. చేతులు కడుక్కుని వచ్చి కళ్ళజోడు తీశారు.

"సార్, రికార్డు లేదు. కావున పరిరక్షించవలసినదియు లేదు. హామీపత్రములు రద్దు. ఈమె నామినేషను చెల్లును. మరియు, విశ్వంభరరావు గారు గతములో గెలిచినట్లు జిల్లాలో ఏ ఆధారమును లేదు. వారు కొత్త అభ్యర్థి."

"ఏంటండీ ఈ దారుణం!" విశ్వంభరరావు గారు గావుకేక పెట్టారు. "నేను ఆరుసార్లు గెలిచానని అందరికీ తెలుసు కదండీ!"

"అందరికీ తెలిసినది ఆధారము కానేరదు."

ఆయన మొహం ముందు ఎర్రబడింది. తర్వాత మెల్లగా మామూలైంది. ఆ తర్వాత వెలిగింది. "అంటే నేను పాత వాగ్దానాలేవీ..."

"చేసినట్లు ఆధారము లేదు."

విశ్వంభరరావు గారు డీఆర్వో గారి చెయ్యి పట్టుకుని చాలాసేపు ఊపారు. ఆరుసార్లు గెలిచినప్పుడు కూడా ఆయన అంత సంతోషంగా కనబడలేదు.

"మరి మా వంతెనండీ? ఇప్పుడు పని మొదలెట్టొచ్చు కదా?" అంది సత్యవేణి.

"ఏ వంతెన? మంజూరు పత్రము కూడ వాగ్దానముల కట్టలోనే భద్రపరచబడి చెదలపాలైనది. కావున వంతెన మంజూరు కాలేదు. గేదెలవాగులో ఎటువంటి నిర్మాణమును లేదు."

"స్తంభాలు ఉన్నాయి కదండీ! కళ్ళకి కనపడతన్నాయి!"

"కనబడుట వేరు, ఉండుట వేరు."

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. చాలా మర్యాదగా అడిగింది.

"అక్కడేమీ లేదని రాసిత్తారాండీ?"

రాసివ్వడం అంటే సాంబమూర్తి గారికి ప్రాణం. అక్కడికక్కడే రాసి, సంతకం పెట్టి, గుండ్రటి ముద్ర కూడా వేసి ఇచ్చారు.

ఇనుము కాంట్రాక్టరు పట్టుకుపోయాడు. అది ఆయన లెక్కల్లో ఉంది కాబట్టి ఉన్నట్టే. స్తంభాలు మాత్రం పట్టుకుపోవడానికి వీల్లేక అక్కడే మిగిలాయి. ఆవలిగట్టు జనం ఊరంతా కలిసి తాడిచెట్లు కొట్టారు. దుంగలు స్తంభాల మీదికి ఎక్కించి, ఇనుప తీగతో బిగించి, పైన వెదురు తడికలు పరిచి మట్టి పోశారు. మగవాళ్ళు దుంగలు మోస్తే ఆడవాళ్ళు మట్టి తట్టలు అందించారు. సగం పనిలో ఉండగా తహసీల్దారు జీపు వేసుకొచ్చాడు. ప్రభుత్వ స్తంభాల మీద అనధికార నిర్మాణం నేరమని కేకలేశాడు. సత్యవేణి మట్టిచేతులతోనే కాగితం తీసి చూపించింది. అక్కడ ఏమీ లేదని జిల్లా రెవెన్యూ అధికారి రాసిచ్చాక, లేనిదాని మీద ఏం వేసినా కేసు ఏ సెక్షన్ కింద పెట్టాలో తహసీల్దారుకి తోచలేదు. టీ తాగి వెళ్ళిపోయాడు.

ప్రచారం ముగియబోతుండగా తుపాను పట్టి అకాలంగా వానలు కురిశాయి. వాగు పొంగింది. ఆ వానలోనే భవానికి నొప్పులొచ్చాయి. మంచం మీద కాదు, ఆటోలోనే వంతెన దాటించి ఇవతలి ఆసుపత్రికి చేర్చారు. ఆడపిల్ల పుట్టింది. ఆ కబురు మా ఆఫీసులో నాకు ఫోన్లో తెలిసినప్పుడు, పక్క సీటులో ఎవరున్నారో కూడా చూసుకోకుండా పైకే "అమ్మయ్య" అన్నాను.

ఆఖరి రోజున విశ్వంభరరావు గారు ఆవలిగట్టుకి ప్రచారానికి బయల్దేరారు. అభ్యర్థుల ప్రచారాన్ని వీడియో తీయించే పని నాకు పడింది కాబట్టి నేనూ వెళ్ళాను. కొత్తవాణ్ణి, ఆశీర్వదించండి అని జీపు మైకు దారిపొడుగునా మోగింది. వాగు దగ్గర జీపు దిగి, ఆయన చేతులు జోడించి దుంగల వంతెన మీద కాలు పెట్టబోయారు. అవతలి చివర సత్యవేణి నిలబడి ఉంది. వెనక ఊరంతా ఉంది.

"ఆగండి బాబూ. ఎక్కడ కాలెడతన్నారు?"

"వంతెన మీదమ్మా."

"ఏ వంతెన?" అని, ఆవిడ నన్ను చూసి గొంతు పెంచింది. "ఏవండీ కలెక్టరాఫీసాయనా, ఇక్కడ వంతెనుందని మీ ఆఫీసులో ఎక్కడన్నా రాసుందాండీ?"

విశ్వంభరరావు గారు నావైపు తిరిగారు. ఆయన కళ్ళలో అభ్యర్థన ఉంది. వీడియో నడుస్తోంది.

"లేదండి," అన్నాను. "ఇక్కడ ఏ నిర్మాణమూ లేదు."

"విన్నారు కదండీ. లేని వంతెన మీద ఎలా నడుత్తారు? వాగులో దిగి రండి. మేం అందరం అలాగే వచ్చాం ఇన్నాళ్ళూ."

ఆయన వెనక్కి చూశారు. వెనక పత్రికలవాళ్ళు ఉన్నారు. ముందు ఓటర్లున్నారు. పంచె పైకి కట్టి వాగులో దిగారు. తుపాను నీళ్ళు, మొలలోతు, అడుగున పాచి. మధ్యలో కాలు జారి కూర్చుండిపోతే మెడలోని లుంగీ కండువా ఊడి తేలుతూ దిగువకి పోయింది. అనుచరులు చంకల కింద చేతులేసి లేపారు. వణుకుతూ అవతలి గట్టెక్కి, నీళ్ళు కారుతుండగా మైకు అందుకుని, "ఇక్కడ వంతెన కట్టిస్తానని మొట్టమొదటిసారిగా మీకు మాటిస్తున్నాను," అన్నారు. ఊరంతా చప్పట్లు కొట్టింది. సత్యవేణి కూడా కొట్టింది.

విశ్వంభరరావు గారు ఏడోసారి కూడా గెలిచారు. నియోజకవర్గంలో మిగతా ఊళ్ళన్నీ వాగ్దానాల మీదే బతుకుతున్నాయి మరి. సత్యవేణికి ఆవలిగట్టు బయట వచ్చిన ఓట్లు చెప్పుకోదగ్గవి కావు. అయితే ఆవలిగట్టు పోలింగ్ కేంద్రంలో ఓట్లన్నీ ఆవిడకే పడ్డాయి. విశ్వంభరరావు గారికి సున్నా. పొరపాటున కూడా ఒక్క వేలూ ఆయన గుర్తు మీద పడలేదు. లెక్కింపు హాల్లో ఆ కాగితం చూసి సాంబమూర్తి గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"గెలిచిన అభ్యర్థికి ఒక కేంద్రములో సున్నా! జిల్లా చరిత్రలో లేదు. ఇది కూడ ఒక రికార్డే సుమండీ," అన్నారు.

"అవును సార్," అన్నాను. "చెక్కుచెదరకుండా కాపాడాలి."

ఈ కొత్త రికార్డున్న గదికి ఎవరూ తాళం వేయలేదు, కాపలా పెట్టలేదు. మర్నాడు బజారుకెళ్ళి చెదలమందు కొనుక్కొచ్చాను. ఆ కాగితం ఉన్న బీరువాకి నేనే దగ్గరుండి కొట్టాను.